ఎదుటి జట్టు కోసం మూడు ఊళ్లు

ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది మా ఉమ్మడి జిల్లా ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు నడిపిన కన్వీనరుకు. రెండోది రాష్ట్ర శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఏరే ఎంపిక కమిటీకి. మూడోది ఆ కమిటీ పైన ఉన్నవాళ్లకు. మూడూ రిజిస్టర్ పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకాలున్న కార్డులు మూడూ తిరిగొచ్చాయి, జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. ఫోన్ చేస్తే ఒకాయన, "గంత పొడుగు రాస్తే ఎవరు సదువుతరు సార్?" అని నన్నే అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీగా ఎండలో నిలబడి విజిల్ ఊదినవాణ్ణి. ఊదితే ఎవరో ఒకరు తిరిగి చూసేవాళ్లు. కాగితానికి ఆ పాటి శక్తి కూడా లేదని రిటైరయ్యాక తెలిసింది.

అందుకని ఈసారి ఉత్తరం కాదు, ప్రయాణం రాస్తున్నాను. మూడు రోజులు, మూడు ఊళ్లు, పద్నాలుగు మంది ఆడపిల్లలు, నేను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు ఎవరూ చూడటానికని పోరు. పనిబడితే పోతారు, లేదా బస్సు ఆగితే టీ తాగి మళ్లీ ఎక్కుతారు. అటు ఎన్నడూ పోనివాళ్లు కూడా ఇది చదివి, చివర్లో నేనడిగేది న్యాయమో కాదో తేల్చాలి.

నడిగూడెంలో, బయలుదేరే ముందు

మా నడిగూడెం జట్టు నాలుగేళ్లుగా ఓడిపోలేదు. గొప్పకు చెప్పడం లేదు, బాధతో చెబుతున్నాను. ఓడిపోని జట్టును గెలిచారా అని ఎవరూ అడగరు. మా ఊళ్లో బస్సు దిగగానే అడిగేది ఒకటే మాట, "ఎన్ని?" ఆరు గోల్స్ అంటే, "ఆరేనా? పోయినపారి తొమ్మిది గదా" అంటారు. ఒకసారి ఒక్క గోల్‌తో గెలిచి వస్తే టీకొట్టు దగ్గర పరామర్శ చేసినట్టు మాట్లాడారు.

పిల్లలకూ అదే తలకెక్కింది. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో ఏళ్ల తరబడి ప్రపంచాన్ని ఏలిన ఒక దేశపు జట్టుంది. మా కెప్టెన్ ఎస్తేరు ఫోన్లో వాళ్ల ఆటలు పెడితే పద్నాలుగు తలలు ఆ ఫోన్ మీదే ఉంటాయి. ఆట గురించి నాకు పేచీ లేదు, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. నా పేచీ ఆ ధోరణితో. మైదానంలోకి నడిచి వచ్చేటప్పుడే ఫలితం చెప్పేసినట్టుంటారు. రెండో స్థానం వస్తే తలదించుకుని, పతకం మెళ్లోంచి తీసి చేతిలో పట్టుకుంటారు. ఒకసారి ఎవరో చిన్న దేశం పిల్లల మీద పదికి పైగా గోల్స్ కొట్టి, ప్రతిదానికీ అదే మొదటి గోల్ అన్నట్టు ఎగిరి గంతులేశారు. బస్సు కోసం నిలబడినప్పుడు మావాళ్లు మళ్లీ అదే చూస్తున్నారు.

"గిదేం పద్ధతే? అవతల పిల్లలు ఏడుస్తుంటే వీళ్ల గంతులేంది?" అన్నాను.

ఎస్తేరు ఫోన్ లోంచి తల ఎత్తింది. "మరేం జెయ్యాలె సార్? మీకు సాతగాదు, మేం జర మెల్లగ ఆడుతం అంటే, గది ఇంకింత ఇజ్జత్ తీసుడు గాదా?"

అంతలో బస్సు వచ్చింది, పిల్లల్ని లెక్కబెట్టి ఎక్కించాను.

ఎస్తేరు ఇంటర్ రెండో ఏడు చదువుతుంది. తల్లి కూలికి పోతుంది. ఈ ఏడుతో ఎస్తేరుకు వయసు దాటిపోతుంది. రాష్ట్ర శిబిరానికి పోవాలంటే ఇదే చివరి అవకాశం. దానికి ఎంపిక కమిటీ పెట్టిన షరతు ఒక్కటే. ఈ పోటీల్లో పిల్ల కనీసం ఒక్క మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా ఆడి ఉండాలి. మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు కదా, ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

సూర్యాపేట: అందరికీ ఒకేసారి జ్వరం

ఇప్పుడు ఆడవాళ్లకు మా బస్సుల్లో టికెట్ లేదు. కండక్టర్ పద్నాలుగు ఆధార్ కార్డులు చూసి, పద్నాలుగు జీరో టికెట్లు కొట్టి, నా దగ్గర ఆగాడు. "పదిహేను మందిల పైసలిచ్చేటోడివి నువ్వొక్కడివే పెద్దసారూ, జర నవ్వుకుంట ఇయ్యి" అన్నాడు. పిల్లలు మునగాల దాకా నవ్వుతూనే ఉన్నారు. ఎక్కించుకున్నందుకు వాళ్లు కండక్టరుకు దండం పెట్టారు. టికెట్ కొన్నందుకు నాకెవరూ పెట్టలేదు.

సూర్యాపేటలో మార్కెట్ దగ్గర ధాన్యం రాశులు రోడ్డు మీదికి వచ్చేశాయి. ఆటోలన్నీ వాటి పక్కనుంచి ఒద్దికగా, పడుకున్న మనిషిని తప్పుకుపోయినట్టు పోతున్నాయి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు రెండు ప్లేట్లు వస్తాయి, పైగా చట్నీ అడిగితే చూసే చూపు ఇంత కరకుగా ఉండదు.

కాలేజీ మైదానంలో వేదిక కట్టారు. వేదిక మీద కుర్చీలు పన్నెండు. పదకొండు మంది కూర్చున్నారు. పన్నెండోదాని మీద శాలువాల సంచి పెట్టారు. నేను నిలబడే ఉన్నాను. ఉపన్యాసాలు గంటంబావు నడిచాయి. ఆ గంటంబావూ ఆ సంచి కూర్చునే ఉంది.

ఆ తర్వాత మా పిల్లలు మైదానంలో దిగి వరసగా నిలబడ్డారు. ఎదుటివైపు ఎవరూ లేరు. రెఫరీ విజిల్ ఊదాడు, పదిహేను నిమిషాలు చూశాడు, మళ్లీ ఊదాడు. సూర్యాపేట కాలేజీ జట్టు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల సారు, పిల్లలందరికీ జ్వరాలన్నాడు.

"పదకొండు మందికి ఒక్కపారి జరమా సార్?" అంది మల్లీశ్వరి. మా గోల్‌కీపరు. గొర్లు కాసే ఇంటి పిల్ల. పారిపోయే గొర్రెపిల్ల కాలు దొరకబుచ్చుకున్నట్టు బంతిని పడుతుంది, నోరు మాత్రం ఎవరి చేతికీ దొరకదు. "మనల్ని తలుసుకున్నరు, జరమొచ్చింది."

నేను కన్వీనరు దగ్గరికి పోయాను.

"గెలిచిర్రు గద సార్! మూడు-సున్న అని రాసినం. ఇగ సల్లగ భోంచేసి పోరాదుర్రి" అన్నాడు.

"ఆడకుండ గెలిస్తే మా పిల్లకేం ఫాయిదా? ఆడిన మ్యాచ్ గావాలె."

"గదంత కమిటీ సూసుకుంటది. మీరు పరేషాన్ గాకుర్రి."

పరేషాన్ కావద్దని చెప్పినవాళ్లే నన్ను ఎక్కువ పరేషాన్ చేశారని నా అనుభవం. రాని జట్టు అన్నం పొట్లాలు మిగిలాయి. వాటినీ మా పిల్లలే తిన్నారు. ఎస్తేరు మాత్రం తన పొట్లం కూడా విప్పలేదు.

కోదాడ: ఆరో నిమిషం

మాకూ కోదాడకూ మధ్య పట్టుమని గంట ప్రయాణం లేదు. అయినా మాట మారిపోతుంది. అక్కడ కోపం కూడా అండీ తగిలించి చూపిస్తారు. ఐదేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక క్రీడోత్సవంలో వేదిక ముందున్న అందరికీ నీళ్ల సీసాలిచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి, "మీరు మనోళ్లే కదండీ" అని దాటిపోయారు. మనవాళ్లకు దాహం వేయదా? అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

పొద్దున్నే పెసరట్టు హోటలుకు పోయాం. ఉప్మా పెట్టిన పెసరట్టు అరవై. రుచిలో వంక పెట్టడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు. మా దగ్గర అల్లం చట్నీ ఒక్కసారి వేసి పోతారు. ఇక్కడ ఓనరే గిన్నె పట్టుకుని మూడుసార్లు తిరిగాడు.

"ఎక్కణ్ణుంచండీ మాస్టారూ?"

"నడిగూడెం."

ఆయన చేతిలో గరిటె ఆగింది. "ఓహో, ఆ పిల్లలు వీళ్లేనా! మా తమ్ముడి కూతురు ఇవాళ మీ మీదే ఆడుద్దండీ. కొంచెం చూసి ఆడమనండి."

నేను నోరు తెరిచేలోపే మల్లీశ్వరి అందుకుంది. "ఎన్ని గావాల్నో సెప్పమను అంకుల్, పార్సిల్ కట్టిస్తం!"

హోటలంతా నవ్వింది. ఒక్క మూల బల్ల దగ్గర మాత్రం నవ్వు లేదు. నీలం చొక్కాలు వేసుకున్న పిల్లలు పదిమందిదాకా సగం తిన్న ప్లేట్లు వదిలి లేచిపోయారు. వాళ్లే ఆ జట్టు.

మైదానంలోకి వాళ్లలో ఏడుగురే వచ్చారు. ఫుట్‌బాల్‌లో ఏడుగురుంటే ఆట మొదలుపెట్టవచ్చు, ఆరుగురైతే ఆపేయాలి. ఈ రూలు వాళ్ల సారుకు బాగా తెలుసు. ఐదు నిమిషాల్లో ఎస్తేరు రెండు గోల్స్ కొట్టింది. ఆరో నిమిషంలో హోటలాయన తమ్ముడి కూతురు చుట్టూ చూసి, చోటు చూసుకుని, కాలు పట్టుకుని కూర్చుంది. రెఫరీ ఆట ఆపేశాడు.

"కాలు బెణికిందండీ, ఏం చేస్తాం" అన్నాడు వాళ్ల సారు, జీవితంలో ఇంత హాయిగా ఎన్నడూ లేనట్టు.

ఎస్తేరు ఆ పిల్ల దగ్గరికి పోయి కూర్చుంది. నేను వెనకే ఉన్నాను.

"నిజంగ నొస్తుందా?"

ఆ పిల్ల కాసేపు గడ్డి పీకింది. "లేదక్కా. మీతో ఆడితే ఊళ్లో నవ్వుతారు. ఎన్ని తిన్నారే అనడుగుతారు. కాలు నెప్పంటే ఎవరూ ఏమీ అనరు."

ఎస్తేరు ముఖం అట్లా పాలిపోవడం నేను నాలుగేళ్లలో చూడలేదు. మా ఊళ్లో అడిగే ఆ ఒక్క మాట, ఎన్ని అన్నది, అవతలి ఊళ్లో ఇట్లా ఉంటుందని ఆమెకు తట్టి ఉండదు. నాకూ తట్టలేదు. ఆ సాయంత్రం మల్లీశ్వరిని నిలబెట్టి తిట్టాను. తిడుతూనే నన్ను కూడా తిట్టుకున్నాను. తొమ్మిది గోల్స్ కొట్టిన రోజున జట్టుకు మిఠాయి పంచింది నేనే, ఒక గోల్‌తో గెలిచిన రోజున ముఖం ముడుచుకున్నదీ నేనే.

"సార్, రేపు గూడ ఎవరు రాకపోతే?" అని ఎస్తేరు రెండుసార్లు అడిగింది. వస్తారన్నాను. నాకు నమ్మకం లేదు.

మిర్యాలగూడ: బూడిద గీతలు

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోతే దారి పొడుగునా సాగర్ కాలువ నీళ్లు తాగే వరి. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే బస్సు కిటికీలోంచి ఉడకబెట్టిన వడ్ల వాసన వస్తుంది, ఆ తర్వాత మిల్లులు కనబడతాయి. సన్నటి నల్లటి నుసి గాలిలో తేలి వచ్చి చొక్కా మీద పడుతుంది. తెల్లచొక్కాతో దిగిన నన్ను చూసి ఆటో అతను, "కొత్తనా సార్ మా ఊరికి?" అన్నాడు. టీకొట్లో గ్లాసు మీద మూతలాగా చిన్న స్టీలు ప్లేటు పెట్టిస్తారు. మిగతా రెండు ఊళ్లలో లేని ఈ మర్యాద నాకు నచ్చింది. మర్యాద కాదు, నుసి పడకుండానట.

మైదానం గీతలు సున్నంతో కాదు, మిల్లు ఊక బూడిదతో వేశారు. ఎర్రమట్టి మీద బూడిదరంగు గీతలు బాగానే కనబడుతున్నాయి. ఆ గీతల పక్కన ఎనిమిది మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్లను చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

వాళ్ల టీచరు సరళ మేడం. పిల్లలు చాలామంది మిల్లు హమాలీల కూతుళ్లు, జట్టు మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. "పదకొండు మంది రావాలె సార్. మీ పేరు ఇని ముగ్గురిని ఇంట్ల ఆపుకున్నరు. ఎనిమిది మందితోని మీ మీద ఆడిపిచ్చి నా పిల్లల్ని బెదరగొట్టను. నేను గూడ ఆడమని రాసిచ్చి పోత" అంది.

అప్పుడు ఎస్తేరు ముందుకొచ్చింది. "మేడం, మేం పద్నాలుగు మందిమున్నం. ముగ్గుర్ని మీ దిక్కు ఇస్తం. పదకొండు-పదకొండు అయితది."

మేడం నవ్వలేదు. "కూసోవెట్టెటోళ్లను మాకిస్తరా? మంచి పిల్లనిస్తేనే ఆడుతం."

"నేనొస్త" అంది ఎస్తేరు.

నేను వద్దనవలసింది. కానీ రెఫరీని అడిగితే, ఇద్దరు టీచర్లూ రాసి సంతకం పెడితే తనకు అభ్యంతరం లేదన్నాడు. కన్వీనరుకు ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి కానియ్యుర్రి సార్, మ్యాచ్ అయితే సాలు" అన్నాడు. ఈ మాట అన్నాడు. రెఫరీ విన్నాడు, సరళ మేడం విన్నది. నేను రాశాను, సంతకం పెట్టాను. ఎస్తేరు పేరు, ఆమెతో పోయే ఇద్దరి పేర్లు, ఏ జట్టు పిల్లలో, ఏ జట్టుకు ఆడుతున్నారో, అన్నీ స్పష్టంగా రాశాను.

మొదటి పది నిమిషాల్లో మావాళ్లు ఒక గోల్ కొట్టారు, పెద్దగా పట్టించుకోకుండా వెనక్కి నడిచారు. ఆ నడక కూడా ఆ ఫోన్లో చూసిందే. అవతల ఎస్తేరు ఆ ఎనిమిది మందిని దగ్గరికి పిలిచి ఏదో చెప్పింది. వాళ్లలో అందరికంటే చిన్నపిల్లకు, "బాల్ వస్తె భయపడి తన్నకు, నన్ను సూసి ఇయ్యి" అనడం నాకు వినబడింది. ఆ పిల్ల అక్షరాలా అట్లాగే చేసింది.

ఆ తర్వాత నేను చూసింది మ్యాచ్. నాలుగేళ్లలో మా జట్టు ఆడిన మొదటి మ్యాచ్. ఎస్తేరు కొట్టడం, మల్లీశ్వరి ఆపడం. పక్కకు దూకి ఒకటి, కాలితో ఒకటి, వేలి కొసతో బారు మీదికి నెట్టి ఒకటి. సగం ఆట అయ్యాక ఒకటి లోపలికి పోయింది. ఎస్తేరు చేతులు చాపి పరుగెత్తి ఎగిరింది. గోల్ కొడితే ఏం చేయాలో తెలియని ఆ పిల్లలు ఒక్క క్షణం ఆగి, ఆమె మీద పడిపోయారు. ఆ దేశపు జట్టు గంతులే అవి. మా ఊరి జట్టు మీద.

ఒకటి-ఒకటి. మావాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. పది నిమిషాలే మిగిలాయి. ఇక్కడ నా తప్పు కూడా రాస్తాను, ఎందుకంటే ఇతరుల తప్పులు రాసేవాడు అది దాచకూడదు. బంతి బయటికి పోయినప్పుడు నేను గీత దాకా పోయి, "ఎస్తేరూ, జర సూస్కోని..." అన్నాను.

ఆమె చెమట తుడుచుకుంటూ నా ముందు ఆగింది. "మెల్లగ ఆడాల్నా సార్?"

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది. అవునంటే ఆడేది. నేను తల అడ్డంగా ఊపాను.

చివరి నిమిషంలో రెండోది కొట్టింది. రెండు-ఒకటి. నడిగూడెం ఓడిపోయింది. మిల్లు పనికి పోతూ ఆగిన హమాలీలు గోడ మీద నుంచి ఈలలు వేశారు. సరళ మేడం కళ్లు తుడుచుకుని, అది నుసి అని చెప్పింది.

తిరుగుదారి

నేరేడుచర్లలో బస్సు ఆగింది. అక్కడ ఉడకబెట్టిన పల్లీలు కొన్నాం. మల్లీశ్వరి తన పొట్లం ఎస్తేరు ఒళ్లో పెట్టి, అటు తిరిగి కూర్చునే అడిగింది.

"ఎప్పుడు ఎడమకే కొడ్తవ్ గదనే నువ్వు?"

"అవ్. నీకు తెల్సని గీపారి కుడికి కొట్టిన."

"దొంగ మొకం." మళ్లీ ఇటు తిరిగి, "ఆరు ఆపిన ఎర్కేనా? లెక్కవెట్టుకున్న" అంది.

"ఎర్కే. ఒక్కొక్కదానికి ఏడుపొచ్చింది నాకు."

ఊళ్లో బస్సు దిగగానే అదే ప్రశ్న, "ఎన్ని?" ఓడిపోయామంటే మేం వేళాకోళం ఆడుతున్నామనుకున్నారు. ఎస్తేరు తల్లి పనినుంచి అప్పుడే కొడవలితో వస్తూ కూతురిని అదే అడిగింది.

"రెండు కొట్టిన" అంది ఎస్తేరు.

"మరి ఓడిపోయినమంటుండ్రు?"

"రెండు మన మీదనే కొట్టినమ్మా."

నేను వివరించబోయాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు. "మంచిగ కొట్టినవా?" అని కూతురిని అడిగింది.

"మంచిగ కొట్టిన."

"అయితె నడువు, అన్నం తిందువు."

జాబితా

పన్నెండు రోజులకు ఎంపిక జాబితా ఫోన్లో వచ్చింది. సూర్యాపేటలో జ్వరమొచ్చిన జట్టు పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లు మాతో తప్ప మిగతావాళ్లతో ఆడారట. మా మల్లీశ్వరి పేరుంది. ఎస్తేరు పేరు లేదు. ఎందుకు లేదని కన్వీనరును అడిగితే కాగితం చూసి చదివాడు, "సొంత జట్టు తరఫున పూర్తి మ్యాచ్ ఆడలేదు." ఆ సొంత జట్టు తరఫున అనే మాట షరతుల్లో ఎక్కడా లేదు. ఆ షరతుల కాగితం నా దగ్గర ఉంది. దాని నకలు మొదటి ఉత్తరానికి జత చేశాను.

మల్లీశ్వరి బ్యాగు సర్దుకోవడం లేదు. "ఎస్తేరు పోనిది నేను పోను సార్" అంటుంది. పోవాలని ఎస్తేరు రోజూ వాళ్ల ఇంటికి పోయి పోట్లాడుతుంది. శిబిరం వచ్చే నెలలోనే. నేను ఇద్దరికీ ఏం చెప్పాలి?

కమిటీ వారికి ఒక్కటే అడుగుతున్నాను, ఈసారి పొడుగు లేకుండా. మిర్యాలగూడ మ్యాచ్ జరిగినట్టు లెక్కవేశారు, అందుకే మమ్మల్ని ఓడిపోయిన జట్టుగా రాశారు. మీ జాబితాలో మల్లీశ్వరి పేరు పక్కన మీరే ఇట్లా రాశారు, "ప్రమాదకరమైన ఆరు షాట్లు ఆపినది." చదువుకున్నాను, సంతోషించాను. ఆ ఆరు షాట్లు కొట్టింది ఎవరు? ఆగని ఆ రెండూ కొట్టింది ఎవరు? ఎస్తేరు ఆ రోజు ఆడలేదంటారా, అయితే మేం ఓడిపోలేదు, అదైనా దిద్దండి. మేం ఓడిపోయామంటారా, అయితే ఆమె ఆడింది, ఆమె పేరు జాబితాలో రాయండి.

రెండింట్లో ఏదో ఒకటి. కార్డు మీద సంతకం పెట్టి పంపితే సరిపోదు. నా చిరునామా మూడు కవర్ల మీదా ఉంది. జవాబు రాయండి.